మా ఇంటికి రెండే స్టార్లు వేసిన మేనత్త

మా మేనత్త పోయింది. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్న మనిషి అలాగే వెనక్కి వాలిపోయిందట. రాజాం నుంచి నాన్న ఫోన్ చేసి "అత్త పోయిందే" అన్నాడు. నేను సాలూరులో ఉన్నాను. పాపని చంకనేసుకుని బస్సు కోసం నిలబడ్డాక గానీ నాకు ఏడుపు రాలేదు.

ఈ చుట్టుపక్కల సొంతిల్లున్నవాళ్లు మీలో కొందరైనా ఆవిణ్ణి తిట్టుకునే ఉంటారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, పాత శిష్యుడొకడు పెట్టిన కంపెనీ తరఫున ఇళ్లకు స్టార్లు వేసే పని పట్టుకుంది. ఫ్రిజ్జుకీ ఏసీకీ అతికించి ఉంటాయే, అలాంటివే. కట్టి ఎన్నేళ్లయినా సరే, ఆ ఇల్లు ఎంత కరెంటు తింటోంది, ఎంత వేడిని లోపలికి రానిస్తోంది, అన్నీ చూసి తేల్చాలి. చుట్టాలంతా ఇంద్రభవనంలా ఉందని మెచ్చుకున్న ఇంటికి మా అత్త ఒక్క స్టారు వేసి వచ్చేది. కోపం రాదూ మరి?

ఈ పిచ్చి ఆవిడకి ముందునుంచీ ఉన్నదే. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో విజయనగరంలో అత్త ఇంటికి వెళితే పిల్లలందరినీ పోగేసి, ఇంట్లో ఏ గోడ ఎక్కువ కాలుతోందో చెప్పమనేది. సరిగ్గా చెప్పినవాళ్లకి తాటిముంజెలు ముందు. ఈ పనిలో చేరాక చేతికి వేడి కొలిచే పిస్తోలు లాంటి పరికరం వచ్చినా, అది పెట్టేముందు గోడని చేత్తో తాకి చూసేది, పిల్లలకి జ్వరం చూసినట్టు. కరోనా నాటి అలవాటుకొద్దీ ముసలమ్మలు ఆ పరికరాన్ని చూడగానే నుదురు ముందుకు చాపేవారట. వాళ్లని చిన్నబుచ్చకుండా ముందు వాళ్ల నుదుటికే పెట్టి చూసి "బాగున్నావు పెద్దమ్మా" అని, ఆ తర్వాతే గోడ దగ్గరికి వెళ్లేది.

వెళ్లడం కూడా ఎండ మండిపోయే వేళే. ఏసీ హాల్లో కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. "ఇంట్లో అందరికన్నా నీరసంగా ఉన్న మనిసి ఏ గదిలో పడుకుంటాది?" అని అడిగి, ఆ గదికే వెళ్లి, చెమటలు కారుతున్నా కాసేపు కూర్చునేది. కంపెనీ పద్ధతిలో ఇది లేదు. శిష్యుడు ఎంత మొత్తుకున్నా మానలేదు. మా ఇంటి మొండితనం, ఎక్కడికి పోతుంది!

ఆ మొండితనం విలువ నాకు పోయినేడు ఎండాకాలంలో తెలిసింది.

నాన్నది రాజాంలో ధాన్యం వ్యాపారం. కష్టపడి కట్టుకున్న మేడంటే ఆయనకి ప్రాణం. వీధిలో అందరికన్నా తనకే కరెంటు బిల్లు తక్కువొస్తుందని, స్టార్లు బాగా వస్తాయని అక్కని, అదే మా అత్తని, పిలిచాడు. అప్పటికి నేను పురిటికి వచ్చి అక్కడే ఉన్నాను. పాప పుట్టి నెల నిండలేదు. మా నాన్నమ్మ, అంటే అత్త కన్నతల్లి, నన్ను పడమటి గదిలో పెట్టి, తలుపులూ కిటికీలూ మూసి, ఫ్యాను ఆపేసి, చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ కట్టింది. బాలింతకి గాలి తగిలితే సంధి కొడుతుందని ఆవిడ భయం. పైన స్లాబు పగలంతా కాగి, ఆ వేడిని రాత్రంతా మా మీద కుమ్మరించేది. పాప ఒళ్లంతా చెమటకాయలు. మొదట్లో గుక్కపట్టి ఏడ్చేది. తర్వాత ఏడుపు తగ్గింది. బుద్ధిమంతురాలైపోయిందని ఇంట్లో అందరూ మురిసిపోయారు.

అత్త ఇల్లంతా చూసి, చివరికి నా గదికి వచ్చి మంచం మీద కూర్చుంది. పరికరం పక్కన పెట్టి పాప అరికాలు గిల్లింది. పాప సన్నగా మూలిగి ఊరుకుంది. అత్త ముఖం మారిపోయింది. పాలు సరిగ్గా తాగుతోందా అని అడిగింది, లేదన్నాను. ఇంకో మాట లేకుండా పాపని పొత్తిగుడ్డలో చుట్టి, ఆసుపత్రికి వెళ్దామని నాన్నని బండి తీయమంది. ఒంట్లో నీరు తగ్గిపోయిందని డాక్టరు మర్నాటిదాకా అక్కడే ఉంచుకున్నాడు. పంపించేటప్పుడు, చల్లగా ఉంచకపోతే పిల్ల దక్కదని మొహం మీదే చెప్పాడు.

ఇంటికొచ్చాక అసలు గొడవ. అత్త కిటికీ మీద చెయ్యి వేసింది. నాన్నమ్మ అడ్డంగా నిలబడింది.

"గాలి తగిల్తే తల్లి సస్తాదే. నీకేటి తెల్సు? నువ్వు కన్నావేటి?"

అత్తకి పిల్లల్లేరు. ఆ మాట మా ఇంట్లో అంతవరకూ ఎవరి నోటా రాలేదు. నాన్న తల దించుకున్నాడు. నాకైతే లేచి నాన్నమ్మ నోరు నొక్కేయాలనిపించింది. అత్త మెల్లగా కిటికీ మీంచి చెయ్యి తీసేసింది.

"సరేనమ్మా. నీ కిటికీ నాను ముట్టుకోను. మేడ మీద పని నాది, అక్కడికి నువ్వు రాకు" అంది.

కొట్లోంచి ఖాళీ గోనెసంచులు తెప్పించి, తడిపి, స్లాబు మీద పరిపించింది. పడమటి గోడకి ఎండ తగలకుండా బయట తాటాకు దడి కట్టించింది. ఆ వయసులో బకెట్లు మోసుకుంటూ మెట్లెక్కి, గోనెలు ఆరిపోకుండా నీళ్లు చల్లుతూనే ఉంది. చీకటిపడేసరికి గదిలో ఊపిరాడింది. నాన్నమ్మ వచ్చి గోడకి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. తెల్లారుతుండగా పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చి, కడుపారా పాలు తాగింది. దాంతోపాటు నేనూ ఏడ్చాను. ఆ పొద్దున గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఎవరు తెరిచారని ఎవరమూ అడగలేదు.

ఆ తర్వాతెప్పుడో, నాన్నమ్మ అన్నదానికి బాధపడ్డావా అత్తా అని అడిగాను. "పడకేటి? కానీ అది అమ్మ అన్లేదే, అమ్మ భయం అన్నాది" అంది.

నాన్నకి మాత్రం రెండే స్టార్లు వేసింది. బిల్లు ఇంత తక్కువొస్తుంటే ఇదెక్కడి న్యాయమని నాన్న దెబ్బలాడాడు. "పసిగుడ్డు ఉడికిపోతంటే ఫ్యానాపి మిగిల్సిన కరెంటురా అది. దానికి స్టారెయ్యమంటావేటి?" అంది. నాన్న కొన్నాళ్లు అలిగి, ఆనక స్లాబుకి తెల్లరంగు వేయించాడు. ఎండలు ముదిరాక వచ్చి చూసి స్టార్లు పెంచుతానంది అత్త. రాకుండానే పోయింది. ఇవాళ నా పాప గోడలు పట్టుకుని నడుస్తోందంటే అది ఆవిడ చలవే. ఈ మాట ఆవిడతో ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పానో లేదో, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

విజయనగరం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అత్తని హాల్లో ఐసుబాక్సులో పడుకోబెట్టారు. నాన్నమ్మ పక్కనే నేల మీద కూర్చుని, విసనకర్రతో ఆ అద్దం మీద విసురుతోంది. వచ్చిన దగ్గర్నుంచీ అదే పనట. నాన్న ఆవిడ పక్కన కూలబడి, "లోపల సల్లగానే ఉన్నాదమ్మా" అన్నాడు.

"తెల్సురా" అంది నాన్నమ్మ. "సెయ్యి ఊరుకోట్లేదు."

చెమ్మ పట్టి అత్త ముఖం కనిపించకపోతే అద్దాన్ని కొంగుతో తుడిచి, మళ్లీ విసరడం మొదలుపెట్టింది.