చివరి చేనుతో మొదలైన వంతు

ఈ సంగతి జరిగిన ఏడే రాయవలసింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు బర్రెల వెంట పోయాను, పెళ్లయ్యాక కూలికి పోయాను. పలక పట్టింది పని మానేశాక, మహిళా సంఘం వాళ్లు మధ్యాహ్నాలు పెట్టిన చదువులో. ఇప్పుడు రాయగలను కాబట్టి, నేను చేసిన పని ఎట్లాంటిదో తెలిసేలా ఒక సంగతి రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఒక యాసంగి, అంటే రబీ పంట మొదట్లో, ఇబ్రహీంపట్నం నుంచి యాచారం పోయే రోడ్డుకు దిగువనున్న సంఘం భూమికి నన్ను నీరటిగా పెట్టారు. నీరటి అంటే వంతుల ప్రకారం నీళ్లు వదిలే మనిషి. వెనకటికి చెరువుల దగ్గర ఈ పని మగవాళ్లు చేసేవారు. ఇక్కడున్నది ఒక్క బోరు. మోటారు స్టార్టరు పెట్టె తాళంచెవి నా దగ్గరుండేది. వంతు వచ్చిన చేనుకు గండి తెరవడం, తడిశాక మట్టితో మూసి పక్క చేనుకు మళ్లించడం నా పని. ఆ బోరు కింద భూమి ఉన్నవాళ్లు నీరటిగా ఉండకూడదని సంఘం నియమం. నాకు అక్కడ భూమి లేదు, అందుకే నన్ను పెట్టుకున్నారు.

అంతకుముందు ఆ భూమిని సంఘంలోని తొమ్మిదిమంది ఆడవాళ్లు చాలా ఏళ్లు ఉమ్మడిగా సాగు చేశారు. తగవు కలుపు దగ్గర వచ్చింది. ఎండలో వంగి తీసినవాళ్లకూ, జ్వరమని ఇంట్లో పడుకున్నవాళ్లకూ పంట సమానంగా పోతోందని మాటలు పెరిగాయి. చివరికి పంచుకున్నారు. సర్వేయరు వచ్చినప్పుడు జానెడు నేల కూడా వదలకుండా కొలవమని పట్టుబట్టింది వాళ్లే. బోరు నీళ్లు పోయే కాలువకు ఎంత వదలాలని ఆయన అడిగితే, అది మేం చూసుకుంటామన్నారు. ఉమ్మడిగా ఉన్నన్నాళ్లూ కాలువ గురించి ఎవరూ ఆలోచించవలసిన అవసరం రాలేదు మరి. అట్లా కాలువ నేల కూడా పాళ్లలో కలిసింది. యాసంగి దుక్కిలో ఎవరి పాలు వాళ్లు దున్నేశారు. మధ్యవాళ్లు పక్కవాళ్ల సాళ్లలోంచి ఎట్లాగో తడుపుకున్నారు. చివరికి చేరేలోపే నీళ్లు ఇంకిపోయేవి.

చివరి చేను యాదమ్మది. టమాట నారు నాటింది. ఈ పంట పోతే చేను బీడు పెట్టి, మళ్లీ పెద్ద అంబర్‌పేట్‌లో కట్టడాల కూలికి పోవాలి. మొక్కలు వాలిపోవడం మొదలైంది. ఒక సాయంత్రం అందరినీ బోరు దగ్గర కూర్చోబెట్టాను.

మొదటి చేను లక్ష్మమ్మది. సంఘం అధ్యక్షురాలు కూడా ఆమే. "పంచుకున్ననాడు కాలువ యాదికి రాలేదా? ఇప్పుడు నా పాలు తవ్వి ఇయ్యాల్నా?" అన్నది.

"నీకేం ఫికర్ వదినె, బోరు నీ ఒళ్లె కూసున్నది," అన్నది యాదమ్మ.

"పైపు ఏసుకోరాదే," అని మధ్యలో ఎవరో అన్నారు.

"నీ చేన్లకెళ్లి ఏస్త, ఊకుంటవా?" అని యాదమ్మ అడిగేసరికి అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

అప్పుడు నేను చెప్పాను. అంతవరకు వంతు బోరు పక్క నుంచి కిందికి పోయేది. "రేపటి సంది వంతు కిందికెళ్లి మొదలైతది. యాదమ్మ చేను తడిసినంకనే మీది చేన్లకు."

లక్ష్మమ్మ లేచి నిలబడింది. "బాలమ్మా, నీకు ఈ పని ఇచ్చింది మేము. జర యాది పెట్టుకో."

"అవ్ అక్క, మీరే ఇచ్చిన్రు. వద్దంటే గిప్పుడే తీస్కోండ్రి," అని తాళంచెవి వాళ్ల మధ్యలో పెట్టాను.

లక్ష్మమ్మ దాని కోసం వంగబోయింది. "నువ్వెట్ల తీస్కుంటవక్కా? నీకు చేనున్నది గద," అన్నది పైపు మాట అన్నామె. ఇంకొకామె చేయి చాపితే ఆమెనూ అదే మాటతో ఆపారు. ఎవరి చేతికీ ఇవ్వడానికి మిగతావాళ్లకు మనసు రాలేదు. చీకటి పడేవేళకు ఎవరూ ఏమీ తేల్చకుండానే లేచిపోయారు. తాళంచెవి అక్కడే ఉంది. తీసి కొంగున కట్టుకున్నాను.

ఆ తర్వాత పని మానేసేదాకా నేను పాటించింది కింది నుంచి మొదలయ్యే ఆ వరసే. కాలువ వదలండని బతిమాలితే ఎవరూ వదలరు. తన చేను తడవాలంటే ముందు చివరి చేను తడవాలని తెలిస్తే కాలువను ఎవరూ దున్నరు. భూమి పంచుకున్న తర్వాత నీరటికి మోటారు కంటే వంతు వరస ముఖ్యం.

మర్నాడు పొద్దున నేను మోటారు వేయలేదు. పార తీసుకుని లక్ష్మమ్మ చేను మొదట్లో, పాత కాలువ ఉన్న చోట తవ్వడం మొదలుపెట్టాను. ఆమె వచ్చి గట్టు మీద నిలబడింది. "గట్ల వంకర తవ్వితే నా మొక్కలల్లకు గండి పడ్తది. ఇటు జరుగు," అని తన పార దింపింది. ఎండ ఎక్కేసరికి తక్కినవాళ్లూ ఎవరి చేన్లో వాళ్లు తవ్వుతున్నారు. కాలువ కలిశాక మోటారు వేసి, నీళ్ల వెంట కింది దాకా నడిచి, యాదమ్మ చేనుకు గండి తెరిచాను.