మా నీలమ్మ ఉయ్యాల ఎక్కని వేసవి

మా నీలమ్మకు ఒంట్లో ఏదో తేడాగా ఉందని మొదటిసారి కంటపడిన రోజున నేను దాని మీద చెయ్యెత్తాను. ఆ ముక్క ముందే చెప్పుకోవాలి. లేకపోతే ఇక మీదట రాసేదంతా గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది.

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గర ఊరు. పూండి స్టేషనుకు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. కొబ్బరి, జీడి, పనస, వాటి కింద ఇసుక, అదే మా ప్రపంచం. జర్మనీ యుద్ధం ముగిసిన కొత్తలో తోటలో నలభై కొబ్బరిమొక్కలు వేశాను. ఎండాకాలంలో వాటికి నేలబావి నుంచి కుండలతో నీళ్లు మొయ్యాలి. ఆ పని పద్నాలుగేళ్ల మా పెద్దపిల్ల నీలమ్మది. అంతకు ముందు వేసవిలో అది తలమీద ఒక కుండ, చంకన ఒక కుండ పెట్టుకుని, పాడుకుంటూ ఇసుకదిబ్బ ఎక్కి దిగేది.

ఆ రోజు తోటకు వెళ్లేసరికి సగం మొక్కలు వాడి ఉన్నాయి. నీలమ్మ పనసచెట్టు కింద పడుకుని ఉంది. కుండ పక్కన దొర్లిపోయింది. పిల్ల పెదాలకు బంకమట్టి అంటుకుని ఉంది.

“ఒలే గుంటా, మొక్కలు సచ్చిపోతంటే నీకు నిద్దరొచ్చిందేటే?” అని చెయ్యెత్తాను.

అది లేచి కూర్చోవడానికే రెండు చేతులూ నేలకు ఆనించింది. “నానా, దిబ్బెక్కితే ఆయాసమొత్తంది. కూకుంటే తగ్గుతాదని కూకున్నాను” అంది.

కొట్టలేదు. అలాగని నమ్మనూ లేదు.

ఇంటికొచ్చాక మూడు బుర్రలు మూడు మాటలన్నాయి. నేను పనిదొంగ అన్నాను. మా అమ్మ నవ్వి, “ఆడగుంట ఈడుకొచ్చే ముందు ఇలగే తెల్లబోతాదిరా. నాను తెల్లబోనేదేటి? సమర్తాడితే అదే సర్దుకుంతాది” అంది. మా ఇంటిది పారమ్మ మాత్రం అన్నం వడ్డిస్తూ, “అది గోడలు గీకి మట్టి తింతంది. ఓపాలి టెక్కలి ఆసుపత్రికి తీసుకెల్లు” అంది.

ఆసుపత్రి అంటే ఆ రోజుల్లో మా ఊళ్లో శ్మశానానికి ముందు మజిలీ. కాలు విరిగినవాడు, పాము కరిచినవాడు వెళ్లాలి కానీ, నడుస్తూ తిరుగుతున్న పిల్లను ఎవడు తీసుకెళతాడు? పైగా నీలమ్మను మా చెల్లెలి కొడుక్కి ఇవ్వాలని మాట ఉంది. పెళ్లికి ముందే ఆసుపత్రి మెట్లెక్కిందంటే రోగిష్టిది అనే పేరు పడుతుందని నా భయం. ఈ రెండూ పైకి అనకుండా, మొక్కలు ఎండిపోతాయి, తీరిక లేదు అన్నాను. మనసులో ఉన్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఒకటి.

మధ్యేమార్గంగా ఊళ్లో వైద్యుణ్ని పిలిచాం. ఆయన కళ్లు, గోళ్లు చూసి పాండురోగం అని మజ్జిగలో మండూరం ఇచ్చాడు. ఆయన్ని నేను తిట్టను. అది ఇనుముతో చేసే మందు, ఇరవై రోజులు పిల్ల కాస్త తేరుకుంది కూడా. ఆ తేరుకోవడమే మమ్మల్ని నిద్రపుచ్చింది. తర్వాత పాదాలు వాచాయి. పొద్దున్నే మొహం ఉబ్బేది. “అదిగో, ఒళ్లు సేత్తంది” అని మా అమ్మ సంబరపడింది.

వైశాఖంలో ఒక సాయంత్రం వీధి పిల్లలంతా మా పెరటి పనసకొమ్మకు కొబ్బరితాడు వేసి ఉయ్యాల ఊగుతున్నారు. నేను అరుగు మీద తాడు పేనుతున్నాను. పారమ్మ చంకలో పసిపిల్లాడితో వచ్చి నా ముందు నిలబడింది.

“నీ కూతురు పనిదొంగే అనుకో. పనిదొంగ ఉయ్యాలకి కూడా దొంగవుతాదేటి? అల్లదిగో, సూడు.”

చూశాను. ఊరంతటికీ ఉయ్యాల పిచ్చి ఉన్న పిల్ల ఎవరంటే మా నీలమ్మే. నిలబడి ఊగుతూ కొమ్మ ఆకు నోటితో తెంపేది. అలాంటిది పశువులశాల గోడకు చేరబడి కూర్చుని ఉంది. పిల్లలు పిలిస్తే నవ్వి తల అడ్డంగా ఊపింది. నేను వెళ్లి, “రావే, నానూపుతాను” అన్నాను. నా మాట కాదనలేక లేచింది. పది అడుగులు వేసి, గోడ పట్టుకుని, మెల్లగా కూలబడింది. వీపు మీద చెయ్యి వేశాను. లోపల గుండె రోకటిపోటు వేస్తోంది. పది అడుగులకే అలా కొట్టుకుంటోంది.

ఎత్తిన చెయ్యి అదే. ఆ చేతికి ఆ దడ తగిలేసరికి నాకు ఏడుపొచ్చింది, పిల్లలందరి ముందూ ఏడ్చాను. “రేపు బండి కడతాను” అన్నాను.

పారమ్మకు చంటిపిల్లాడు. కాబట్టి తోడుగా మా అమ్మ బయల్దేరింది. “సావడానికి తీసుకెల్తన్నావేట్రా గుంటని” అని తిడుతూనే మూట కట్టుకుంది. పూండి దాకా బండి, అక్కణ్నుంచి నౌపడ దాకా పెద్ద రైలు, నౌపడ నుంచి టెక్కలికి చిన్న రైలు. ఆ చిన్న రైలు మధ్యలో దిగి పని చూసుకుని మళ్లీ ఎక్కొచ్చు, అంత వేగం. మా అమ్మ దారంతా మూట వదల్లేదు. అందులో ఆరు కొబ్బరికాయలు. ఎవరి గుమ్మానికైనా వట్టి చేతులతో వెళ్లకూడదు, డాక్టరుదైనా సరే.

డాక్టరుగారు అంతకు ముందు అస్సాం తేయాకు తోటల్లో కూలీల ఆసుపత్రిలో పనిచేసి వచ్చినవారు. నీలమ్మ కింది కనురెప్ప దించి చూశారు. “ఇది ఎర్రగా ఉండాలయ్యా. సున్నం కొట్టినట్టుంది చూడు. సివియర్ అనీమియా. మట్టి తింటోందా?”

ఆయనకెలా తెలిసిందని నేను నోరు తెరిచాను.

“వానాకాలంలో కాలివేళ్ల మధ్య దురద వచ్చిందా?”

“అది మావూళ్లో అందరికీ వొత్తాది బాబూ” అన్నాను.

“అందరికీ వస్తుంది కాబట్టే మీకెవరికీ అనుమానం రాలేదు.” స్టూల్ టెస్టు చెయ్యాలన్నారు. ఆ మాట అర్థమయ్యాక మా అమ్మ చెవులు మూసుకుంది. మర్నాడు ఆయన నన్ను పిలిచి మైక్రోస్కోప్‌లో ఒక కన్ను పెట్టించారు. గుండ్రంగా, అద్దంలా ఏదో కనిపించింది.

“హుక్‌వర్మ్ గుడ్డు. ఆ పురుగులు మీ అమ్మాయి పేగును పట్టుకుని రక్తం తాగుతున్నాయి. మీరు బయటికి ఎక్కడికి వెళతారు?”

“మా తోటలోకే బాబూ. కొబ్బరిచెట్టుకి అదే బలం” అన్నాను కొంచెం గొప్పగానే. ఇంట్లో తిన్నది తోటకే చెల్లించాలని మా తాత అనేవాడు. మా ఇంట్లో ఎవరూ పక్కవాడి తోటలో కూర్చోం. ముఖ్యంగా నీలమ్మ నీళ్లు పోసే కొత్తమొక్కల దగ్గరే కూర్చునేవాళ్లం. అదీ ఆయనకు చెప్పాను.

డాక్టరుగారు నావైపు తిరిగారు. “ఆ మొక్కలకే ఈ పిల్ల చెప్పుల్లేకుండా నీళ్లు పోస్తుంది. అవునా? ఆ గుడ్లు ఇసుకలో పొదిగి పిల్లలవుతాయి. అవి పాదంలోంచి లోపలికి దూరతాయి. చెట్టుకు బలం పెడుతున్నామని కూతురి రక్తం పెట్టారయ్యా.”

ఆ మాట ఇప్పటికీ నాకు ముల్లే. కానీ వెంటనే ఆయనే, “గుండె బాగా అలిసిపోయింది. ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఇప్పుడు తెచ్చావు, నయం చేస్తాను” అన్నారు. ఆ మాటనే పట్టుకున్నాను.

మందు పేరు థైమాల్. ముందు సాయంత్రం విరేచనానికి ఎప్సమ్ సాల్ట్, పొద్దున పరగడుపున రెండు మోతాదులు థైమాల్, మధ్యాహ్నం మళ్లీ సాల్ట్. “ఈ రోజంతా నీళ్లు తప్ప ఏమీ వద్దు. నూనె, నెయ్యి, కల్లు అసలే తగలకూడదు. నూనె తగిలితే మందు రక్తంలోకి పోయి విషమవుతుంది” అని మాకిద్దరికీ రెండుసార్లు చెప్పారు. మా అమ్మ రెండుసార్లూ తలూపింది.

రెండో మోతాదు మింగాక పిల్ల కడుపులో మంట అంది. నేను నూతి దగ్గరికి నీళ్లకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి నీలమ్మ చెమటలో తడిసి ఉంది. చేతులు చల్లగా ఉన్నాయి. పిలిస్తే కళ్లు తెరవడం లేదు. నా కేకకు డాక్టరుగారు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నారు. “పల్స్ వీక్. ఏం పెట్టారు?”

“ఏటీ పెట్టనేదు బాబూ” అంది మా అమ్మ. “మంటంటే రెండు గుక్కలు కొబ్బరిపాలు పట్టినాను.”

“నూనె వద్దన్నానా లేదా?”

“నూని కాదు బాబూ, పాలు.”

“కొబ్బరినూనె మీ ఇంట్లో ఎలా తీస్తారమ్మా?”

మా అమ్మ చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయింది. కొబ్బరి తురిమి, పాలు పిండి, మట్టిదాకలో కాచి నూనె తియ్యడం మా ఊళ్లో ఆవిడకన్నా బాగా ఎవరికీ రాదు. ఆ చేతులతోనే డాక్టరు కోసం తెచ్చిన కాయల్లో ఒకటి కొట్టి, పాలు తీసి పట్టింది. మా దగ్గర ఆకలికి కొబ్బరి, దెబ్బకు కొబ్బరి, మంటకు కొబ్బరి. అది కీడు చేస్తుందని ఏ తల్లి అనుకుంటుంది? నేలమీద కూర్చుని నెత్తి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

“ఏడవకు, లే. పిల్లకు వేడి కావాలి” అని కసిరారు డాక్టరుగారు. ఆ మాటతో ఆవిడ లేచింది. వాకిట్లో ఇసుక మంగలంలో వేయించి, గుడ్డల్లో మూటలు కట్టి, పాదాలకూ చంకలకూ కాపడం పెట్టింది. కాంపౌండరు సాల్ట్ నీళ్లు చెంచాతో కొంచెం కొంచెం పోశాడు. పాలు లేని కాఫీ కషాయంలా కాచి పట్టించారు. డాక్టరుగారు భోజనానికి కూడా వెళ్లలేదు. పొద్దు వాలే వేళకు నీలమ్మ కళ్లు విప్పింది. “నాయినమ్మా, కాలు కాలిపోతంది, మూట తీసీ” అంది. ఆ విసుగు విని మేం నలుగురం నవ్వాం. డాక్టరుగారే ముందు నవ్వారు.

మర్నాడు ఆయన ఒక గిన్నెలో వడపోసిన పురుగుల్ని చూపించారు. అరంగుళం కూడా లేని దారపు ముక్కలు. వీటికా నా కూతురు తలొంచింది అనిపించి, ఒళ్లు మండిపోయింది.

పదిహేను రోజులకు రెండో విడత మందుకు రమ్మన్నారు. మా అమ్మను ఇంటి దగ్గరే ఉండమన్నాను. “తప్పు సేసినదాన్ని నానే, కాపలా కూడా నానే” అని బండెక్కింది. ఈసారి మూటలో కొబ్బరి ఈనె కూడా లేదు. బయల్దేరే ముందు చేతులకు నూనె జిడ్డు లేకుండా కుంకుడుకాయతో తోముకుంది. మందు వేసిన రోజు ఆసుపత్రి గుమ్మంలో అడ్డంగా కూర్చుని, తువ్వాలు దులిపి చూపించేదాకా నన్ను కూడా లోపలికి పోనివ్వలేదు. ఆ రోజంతా నీలమ్మకు నీళ్లు తప్ప ఏమీ తగల్లేదు.

వారం తర్వాత మళ్లీ స్టూల్ టెస్టు. డాక్టరుగారు మైక్రోస్కోప్ మీంచి తలెత్తారు. “ఒక్క గుడ్డూ లేదు. నెగటివ్.”

“అంటే మంచిదేనా బాబూ?” అంది మా అమ్మ.

“మంచిదేనమ్మా.”

ఇక చూసుకోండి. టెక్కలి స్టేషనులో, చిన్న రైల్లో, పెద్ద రైల్లో, పూండిలో బండివాడికి, కనబడినవాళ్లందరికీ “మా గుంటకి నెగటివ్ వొచ్చింది” అని చెబుతూనే వచ్చింది. అదేదో పరీక్ష పాసయిందనుకుని కొందరు మెచ్చుకున్నారు కూడా.

డాక్టరుగారిచ్చిన ఐరన్ మాత్రలు మూడు నెలలు మింగింది. ముందు పెదాలకు రంగొచ్చింది, తర్వాత నాలుక్కి, ఆ తర్వాత నోటికి. ఎదురు చెప్పడం మొదలుపెట్టాక ఇక బాగయిందని తేల్చుకున్నాం. మట్టి మీదికి మనసు పోవడం దానంతటదే మానేసింది. కార్తికంలో సమర్తాడింది. “నాను సెప్పనేదేటి?” అని మా అమ్మ అంటే ఎవరం కాదనలేదు.

ఇక తోటలోకి పోకుండా, బయటికెళ్లడానికి ఇంటి వెనక లోతుగా గొయ్యి తవ్వించి తడిక కట్టాను. ఊరు నవ్వింది. “ఆ గొయ్యికి తలుపులు కూడా బిగించీ బావా” అని ఎగతాళి చేశారు. నవ్వినవాళ్ల పిల్లల్నే నేను బండిలో వేసుకుని టెక్కలి తీసుకెళ్లాను, తర్వాత తర్వాత వాళ్లూ గోతులు తవ్వుకున్నారు. నీలమ్మకు చెప్పులు కుట్టించాను. ఆడపిల్ల చెప్పులేసుకుని తోటకెళ్లడమేమిటని అనేవాళ్ల నోళ్లు మూయించడానికి మా అమ్మ ముందు తను వేసుకుని వీధి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది.

రోగిష్టిది అంటారేమో అన్న నా భయం సంగతి మా చెల్లెలితో ఒకనాడు చెప్పేశాను. “రోగం తగ్గించుకున్న పిల్లే అన్నా, దాసిపెట్టిన పిల్ల కాదు. నాకేటి దిగులు?” అంది. మరుసటి వేసవిలో పెళ్లి చేశాం. ఇప్పుడు నీలమ్మకు ఇద్దరు పిల్లలు, హరిశ్చంద్రపురంలో కాపురం.

ఆ నలభై మొక్కలూ నిరుడు గెలలు వేశాయి. మొన్న పుట్టింటికొచ్చినప్పుడు చూసి పొంగిపోయింది. సాయంత్రం పిల్లలు ఉయ్యాల దగ్గర పేచీ పడుతుంటే, “అలాగా ఊగడం?” అని చెంగు దోపి ఎక్కింది. నిలబడి, మోకాళ్లు వంచి, ఊపు అందుకుని పనసకొమ్మ ఆకు నోటితో తెంపింది. నేను అరుగు మీద తాడు పేనడం ఆపి చూశాను. పారమ్మ నన్ను చూసింది. అనాల్సిన మాట ఎప్పుడో అంది. ఆ మాటే మీకు అందిస్తున్నాను. పిల్ల పనికి లేవకపోతే బద్ధకమో కాదో మీరు తేల్చుకోండి, అంతవరకు తిట్టినా తిట్టండి. ఆటకు కూడా లేవకపోతే మాత్రం ఎవరినీ అడగొద్దు, మర్నాడే బండి కట్టండి.