నందిగామ సంతలో చివరి పాల సొర

సిలార్‌కి లోకంలో తెలిసిన సంగతి ఒక్కటే: పాల సొరచేపకీ నల్ల సొరచేపకీ తేడా. పెళ్లికి పిలిచినా అదే చెప్పేవాడు, పరామర్శకు వెళ్లినా అదే. జగ్గయ్యపేటలో ఎండుచేపలు అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, చేపకు వంశచరిత్ర చెప్పి మరీ అమ్మేవాడు ఇతనొక్కడే.

"రెండూ అక్కచెల్లెళ్ల బిడ్డలండి," అని మొదలెట్టేవాడు. "నల్ల సొరకి రెక్కల కొసలు కాటుక పెట్టినట్టుంటయ్. మనిషంత పెరుగుద్ది. పాల సొర మూతి సన్నం, అంత ఎదగదు. రెండూ గుడ్లు పెట్టవు. మనలాగే పిల్లల్ని కంటయ్, అదీ నాలుగో ఐదో..."

"నాయనా, సోలెడు రొయ్యపొట్టు పొయ్యి," అనేది బేరానికొచ్చిన బసవమ్మ.

భార్య రహీమాబీ తల కొట్టుకునేది. పాల సొర తింటే బాలింతకు పాలు పడతాయని అక్కడందరి నమ్మకం. అందుకని ఎవరడిగినా సిలార్ పోలీసులా నిలదీసేవాడు: "ఇంట్లో బాలింత ఉందా?" లేదంటే నల్ల సొరే గతి. బందరు నుంచి ఎన్ని పాల సొరలొచ్చాయో తాడుకు ముడులేసేవాడు. పోయినేడు ఇరవై ముడులు, ఈ ఏడు ఆరు.

"ఊరికే తినేస్తే మన మనవలకి బొమ్మలో తప్ప కనపడవే," అని బెంగపడేవాడు.

పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో ఓ నందిగామ సంతనాటికి పాల సొర ఒక్కటే మిగిలింది. ఎనభై ఎకరాల ఆసామి దశరథరామయ్యగారు, చుట్టాలొచ్చారని స్వయంగా వచ్చారు.

"ఆ పాల సొర కట్టు."

"ఇంట్లో బాలింత ఉందాండి?"

"లేదు."

"అయితే లేదండి. నల్ల సొర తీసుకెళ్లండి. రెండూ అక్కచెల్లెళ్ల..."

"నాకే లేదంటావా? ఇకమీదట ఈ సంతలో నీ బుట్ట ఎట్లా దిగుద్దో చూస్తా!"

నందిగామ సంత పోతే తినేదేంటి? రహీమాబీ బస్సులో దారిపొడుగునా మొగుణ్ణి తిట్టింది. సిలార్ బుట్ట ఒళ్లో పెట్టుకుని ఆ పాల సొరని గుడ్డలో మూటగట్టాడు.

నెలన్నర దాదాపు పస్తులతోనే గడిచింది. ఓ పొద్దున సిలార్ ఇంకో తాడు తీసి ముడులు లెక్కపెట్టి, "రోజులు నిండినయ్, పదవే," అన్నాడు. తీరా చూస్తే దశరథరామయ్యగారి వాకిలి! రహీమాబీ మొగుడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ఏం మొహం పెట్టుకొచ్చావయ్యా?" అన్నారాయన.

"ఇప్పుడు ఇంట్లో బాలింత ఉందాండి?"

ఆయన చూపు లోపలి గది వైపు మళ్లింది. పురిటికొచ్చిన కూతురు ప్రసవించి అయిదు రోజులు. పాలు చాలక పసివాడు ఒకటే ఏడుపు. బందరుకు మనిషిని పంపినా పాల సొర దొరకలేదు. సిలార్‌ని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

సిలార్ గుడ్డమూట విప్పాడు. "అమ్మాయిగారికి ఎనిమిదో నెలని మీ పనిమనిషి సుబ్బమ్మ ఆ సంతనాడే చెప్పిందండి. మీ మనవడి సొత్తు మీ చుట్టాలకెట్టా అమ్మేది?"

లోపల్నుంచి పసివాడి కేక వినిపించింది. దశరథరామయ్యగారు అరుగు చూపించారు. "కూర్చో సిలారూ. వచ్చే సంతకి బుట్ట నా మనుషులే దింపుతారు. ఇంతకీ ఆ రెంటికీ తేడా ఏంటయ్యా?"

పాతికేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి! ఆనందానికి సిలార్ కండువాలో మొహం దాచుకున్నాడు. రహీమాబీ మొగుడి వంక గర్వంగా చూసి, కొంగు సర్దుకుని తనే అందుకుంది:

"రెండూ అక్కచెల్లెళ్ల బిడ్డలండి..."