చీటీలో వచ్చిన సముద్రం

జానమ్మకు సముద్రమంటే భయం. కేతేపల్లి రోడ్డు పక్కన మొక్కల నర్సరీ నడిపే ఆమె, ఐదేళ్ల కింద తీర్థయాత్ర బస్సులో వెళ్లి బాపట్ల దగ్గర ఒక్కసారే చూసింది. పిక్కల లోతు నీళ్లలో నిలబడగానే, వెనక్కి పోయే అల పాదాల కింది ఇసుకను లాగేసింది. కేక పెట్టి ఒడ్డుకు పరుగెత్తింది.

నల్లగొండలో తోటల పోటీలో ఎవరు ఏ తరహా తోట వెయ్యాలో చీటీలు తీస్తే ఆమెకు అదే వచ్చింది: సముద్రతీరం. నెలలో పోటీ మైదానంలోనే తోట తయారుకావాలి. సిమెంటు, ప్లాస్టిక్ వాడొద్దు. చివరి పది రోజులు చుక్క నీళ్లు పోయొద్దు.

"ఇంకో చీటీ తీయనియ్యరాదు సారూ?" అంది పోటీ పెట్టినాయన్ని బతిమాలుతూ.

"కుదరదమ్మా."

ఆ రోజు అన్నం దిగలేదు. అంత ఇసుకను అల లాగేస్తుంటే, ఒడ్డున కదలకుండా ఉన్నదేమిటని ఆలోచించింది. దిబ్బల మీద ఊదారంగు పూలతో పాకిన తీగ గుర్తొచ్చింది. మొక్కలు పెకిలించకుండా కొమ్మలు మాత్రమే పంపమని బాపట్ల నర్సరీ అతనికి ఫోన్ చేసింది. ఇసుకకు బదులు క్వారీలో పారేసిన రాతిపొడితో దిబ్బ పోసింది. దాని కింద కొబ్బరి పీచు, భర్త కాటమయ్య మంద నుంచి తెచ్చిన గొర్రెల ఎరువు పరిచింది. పైన తీగ కొమ్మలు నాటింది.

నీళ్లు ఆపిన ఆరో రోజు ఆకులు ముడుచుకున్నాయి. జానమ్మ దిబ్బ పక్కన కూర్చుంది.

"ఒక్క చెంబెడు పొయ్యే. ఎవడు చూస్తడు?" అన్నాడు కాటమయ్య.

"నేను చూస్తున్న గదా!" అంటూ దిబ్బలో వేలు గుచ్చింది. లోపల తడి చల్లగా తగిలింది. అయినా ధైర్యం రాలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడింది. పందిళ్లు ఎగిరిపోయాయి. పక్క తోటలోని ఎర్రమట్టి కాలువై పారింది. జానమ్మ కొంగు ముఖానికి కప్పుకుని గోడవారన కూలబడింది. వాన తగ్గినా లేవలేదు.

"ఏమే, లేచి చూడు. గట్లనే ఉంది!" కాటమయ్య అరిచాడు.

తీగ పాకని మూల మాత్రం జారిపోయింది. మిగతా దిబ్బంతా నిలిచింది. ఆకుల మధ్య వేళ్లు రాతిపొడిని గుప్పిళ్లతో పట్టుకున్నట్టున్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

మర్నాడు రెండో బహుమతికి ఆమె పేరు పిలిచారు. జానమ్మకు వినబడలేదు, జారిన మూల మీద మళ్లీ వాన పడుతుందేమోనని పడమటి మబ్బు ఎటు కదులుతోందా అని చూస్తోంది. కాటమయ్య భుజం తట్టి లేపాడు.