అత్తయ్య పేరు కొడితే ఎవరొస్తారు?

మా అత్తయ్య పెళ్లిళ్లలో పాటలు పాడతారు. తలంబ్రాల పాట, అప్పగింతల పాట, అన్నిటినీ మించి మగపెళ్లివారిని ఆటపట్టించే వియ్యాలవారి పాటలు. విజయనగరం వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్ మెట్టుగూడలో కాపురం పెట్టినప్పటి నుంచీ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నిటికీ ఆవిడ గొంతు కావాల్సిందే. ఈమధ్య పిలుపులు తగ్గాయని ఇన్‌స్టాలో ఖాతా తెరిచారు. నా ఉద్యోగమేమో జనం వెతికితే కంపెనీల పేర్లు పైన కనిపించేలా చేయడం.

ఒక ఆదివారం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నిష్ఠూరమాడారు.

"ఇన్ని పాటలు పెట్టేను. ఒక్కరైనా పిలవరేటమ్మా?"

ఫోను తీసి చూశాను. పేరు ఉండాల్సిన చోట "శ్రీమాత్రే నమః". ఫొటో ఉండాల్సిన చోట గులాబీ పువ్వు. వివరాల్లో "అంతా వాడి దయ". అంతే.

"పాడేవాళ్లు కావాలనుకున్నవాళ్లు 'అంతా వాడి దయ' అని కొట్టి వెతుకుతారా అత్తయ్యా?"

"వాడి దయ ఉంటే కొడతారు."

వెతికేటప్పుడు ముందు చూసేది పేరునేననీ, అందుకే చేసే పనీ ఉండే ఊరూ అక్కడే రాయాలనీ చెప్పాను.

"మా నాన్న పెట్టిన పేరుండగా సికింద్రాబాద్ అని పెట్టుకోవాలేటి? నేనేమైనా రైల్వే స్టేషన్నా?"

చివరికి రాజీ కుదిరింది. నాన్న పెట్టిన పేరే ఉంటుంది, పక్కన "పెళ్లి పాటలు, సికింద్రాబాద్" అని ఉంటుంది. పెళ్లిలో పాటల వేడుకకు ఇప్పుడందరూ వెతికే మాట కదా అని నేనే ఉత్సాహంగా "సంగీత్" అని కూడా చేర్చాను. గులాబీ స్థానంలోకి రావడానికి ఆవిడ మూడు చీరలు మార్చారు.

కొన్నాళ్లకే బోయిన్‌పల్లి నుంచి ఒక పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేశాడు.

"సంగీత్ చేస్తరంట గదా మేడం. మా బిడ్డ పెండ్లికి రాండ్రి."

ఇద్దరం వెళ్లాం. ఫంక్షన్ హాల్లో ఆయన మాకు ఎదురొచ్చి, మా వెనక్కి చూశాడు.

"సామానేది అమ్మా? స్పీకర్లు, లైట్లు గిట్ల బండిల వస్తున్నయా?"

అత్తయ్య సంచి తెరిచి తాళాల జత, మంచినీళ్ల సీసా చూపించారు.

"డీజే అనుకున్నం గదమ్మా! మస్తు పరేషాన్ చేసిన్రు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్తయ్య మాత్రం తాపీగా, "మా కోడలు నన్ను పైకి తెచ్చింది బాబూ. ఎంత పైకో నాకూ చెప్పలేదు" అన్నారు.

వాళ్లు డీజే కోసం ఫోన్లు షురూ చేశారు. అతనొచ్చేదాకా ఊరికే కూర్చోవడమెందుకని ఆవిడ మైకు అడిగి తీసుకున్నారు. వియ్యపురాలు వంకాయ కూర వద్దు వద్దంటూనే గిన్నె ఖాళీ చేసిందని పాట ఎత్తుకున్నారు. ఆడపెళ్లివారు ఈలలు వేశారు. ముందు వరసలో ఉన్న పెళ్లికొడుకు నానమ్మ లేచి నిలబడింది.

"ఏందమ్మా, మా కోడల్ని గంత మాటంటవా? జెర ఆగు!"

మైకు లాక్కుని పెళ్లికూతురి తల్లి మీద ఆవిడొక పాట అందుకుంది. ఇక హాలు రెండు జట్లయింది. డీజే వచ్చి స్పీకర్లు పెట్టుకుంటుంటే, పెళ్లికొడుకే వెళ్లి అతన్ని కాసేపు కూర్చోమన్నాడు.

వచ్చేటప్పుడు ఆ నానమ్మ అత్తయ్య చెయ్యి పట్టుకుంది.

"మళ్ల నిన్ను ఫోన్ల ఏమని వెతకాలె?"

"మీరు వీటిని ఏటంటారు?"

"వియ్యపురాళ్ల లొల్లి అంటం."

ఆటో ఎక్కగానే అత్తయ్య నాకు పని చెప్పారు. "సంగీత్ తీసీ. వియ్యపురాళ్ల లొల్లి అని రాసీ."

"అలా ఎవరూ వెతకరు అత్తయ్యా" అని గొణుగుతూనే రాశాను. వెతికారు. ఆ పెళ్లికొచ్చినవాళ్లు ఆ మాటే తమ చుట్టాలకు చెప్పారట. తిరుమలగిరి నుంచి ఫోన్, అల్వాల్ నుంచి ఫోన్.

అయితే ఎదుటి జట్టు లేనిదే లొల్లి ఎలా? అందుకని ఆ పెళ్లికొడుకు నానమ్మను కూడా వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఫొటోలో ఇద్దరూ ఉన్నారు. ఎవరి పేరు ముందుండాలన్నది ఇంకా తేలలేదు. అత్తయ్య పొద్దున్నే తన పేరు ముందు పెట్టమంటారు. మధ్యాహ్నం ఆ నానమ్మ నాకు ఫోన్ చేస్తుంది.