గీతలో వాకిలి వదిలిన మాస్టారు

దేవసహాయం మాస్టారి మరణవార్త నాకు నా జిరాక్సు మిషనే చెప్పింది. గత శుక్రవారం మధ్యాహ్నం వారి చర్చి సంఘానికి చెందిన పెద్దాయన ఒకరు అంగడికి వచ్చి, మడిచిన కాగితం చేతికిచ్చి యాభై ప్రతులు కావాలన్నాడు. రోజూ ఎన్నో కాగితాలు వస్తాయి, అన్నీ చదువుతానా? అద్దం మీద బోర్లించి మీట నొక్కాను. నలుపు సరిగ్గా పడిందో లేదో చూద్దామని మొదటి ప్రతిని ఎత్తి పట్టుకున్నాను. 'మన ప్రియ చిత్రలేఖనోపాధ్యాయులు దేవసహాయం గారు ప్రభువునందు నిద్రించిరి' అని ఉంది. నా మనసు స్తంభించిపోయింది గానీ మిషను ఆగలేదు. అదే వార్తను రెండోసారి, మూడోసారి, నాలుగోసారి బయటికి తోస్తూనే ఉంది. కంటి శస్త్రచికిత్స చేయించుకుని వస్తానని రెండు నెలల కిందట కర్నూలులోని కూతురింటికి వెళ్లిన మనిషి ఆయన. "గుండె ఆగిపాయనంటమ్మా. నిద్దట్లోనే" అన్నాడు పెద్దాయన.

ఆదివారం చర్చిలో మాస్టారిని తలుచుకోవడానికి జరిగే ఆదరణ కూడికలో పంచే పుస్తకానికి నాలుగు మాటలు రాయమని సంఘం వారు నన్నే అడిగారు. మాది వర్తక కుటుంబం, వారిది క్రైస్తవ కుటుంబం. నేను ఆయన దగ్గర చదువుకున్నదాన్ని కూడా కాదు. తెలుగు పండిత శిక్షణ పూర్తిచేసి, ఉద్యోగం రాక, కమలాపురం బస్టాండు పక్కన జిరాక్సు అంగడి పెట్టుకున్నదాన్ని. నేను సంస్కృత పదం ఒకటి వాడితే చాలు, మాస్టారు చెవి గోక్కునేవారు. "నీ గ్రాంథికం నాకెక్కదమ్మీ. నాకు గీత గీసి చూపీ" అనేవారు. ఆ సౌజన్యమూర్తి, ఆ నిరాడంబర జీవి, ఆ శిశుహృదయుడు అని ఇప్పుడు నేను రాస్తుంటే పక్కన నిలబడి నవ్వేవారే. నవ్వితే నవ్వనీ, ఆయనకు తగిన మాటలు అవే.

క్రైస్తవ మిషనరీ బడిలో డ్రాయింగు మాస్టరుగా పదవీ విరమణ చేశాక చర్చిలో ఆదివారం బడి పిల్లలకు బొమ్మలు నేర్పేవారు. ఒకరోజు కడప నుంచి కొనుక్కొచ్చిన రంగుల పుస్తకాన్ని తెచ్చి నా బల్ల మీద పడేశారు. అందులో మంచు మనిషి, ఆ మనిషి మెడకు ఉన్ని గుడ్డ, ముక్కుకు క్యారెట్టు. "ఏమ్మీ, ఈడ మంచు ఎవురు చూసినారు? వానే చూసి శానా దినాలాయె. మన పిల్లోళ్లు దీనికి రంగేసి ఏం జేస్తారు?" అని కోపగించుకున్నారు. మరుసటి వారం ప్రతి బిడ్డనూ ఇంట్లోంచి ఒక ఫోటో తెమ్మన్నారు. ముసలి జేజి ఫోటో, పెండ్లి ఫోటో, ఎద్దుల ముందు నిలబడ్డ చిన్నాయన ఫోటో, ఏదైనా సరే. ఫోటో మీద కిందిది కనబడే పలచని బటరు పేపరు పరిచి, పెన్సిలుతో ఆనవాళ్లు తీసి, నల్ల సిరాతో గీత దిద్దేవారు. వెనకున్న గోడలూ పరదాలూ పోయి మనుషులు మాత్రమే మిగిలేవారు. దాన్ని నా మిషను మీద ప్రతులు తీయించి, ఎవరి ఇంటివాళ్లను ఆ బిడ్డకే రంగులు వేయమని ఇచ్చేవారు. ఫోటో చెక్కుచెదరకుండా ఇంటికి తిరిగి వెళ్లేది.

సరిగ్గా జనం మూగిన వేళకే వచ్చేవారు. ఒక చేత్తో హాల్ టికెట్లు, ఒక చేత్తో పట్టాదారు పాసుపుస్తకాలు పట్టుకుని నేను సతమతమవుతుంటే, "నిదానంగా చెయ్ అమ్మీ, నేను ఈడనే కూసోనుంటా" అని బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. నాకు ఒళ్లు మండేది. ఆ తొందరలోనే ఒకసారి బటరు పేపరును తిరగేసి పెట్టాను. గీత రెండు వైపులా కనిపిస్తుంది కదా, తెలియలేదు. రెండు రోజులకు రామసుబ్బమ్మ అనే అవ్వ, తన మనవడు రంగులేసిన కాగితం పట్టుకుని అంగడి మీదికి వచ్చింది. "నా పైట కుడిపక్కకు ఎట్ల పాయనే? మా ఇంట్లో ఏడు తరాలుగా ఎడమ పైటే. నా కులం మార్చేకి నువ్వెవురు?" అని నిలదీసింది. మా వైపు పైట ఏ పక్కో చూసి కులం చెప్పేస్తారు. బల్ల మీదున్న మాస్టారు కాగితం అందుకుని తాపీగా, "అవ్వా, అద్దంలో నిన్ను నువ్వు ఎట్ల చూసుకుంటావో అట్లనే వచ్చినావులే. పొయ్యి అద్దంలో చూడుపో" అన్నారు. అవ్వ కాగితం మడిచి రొంటిన దోపుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆయన గీతకు ఒక విశేషం ఉంది. మొదట్లో నాకది లోపంగా తోచింది. ఏ బొమ్మలోనైనా ఒకచోట గీత కలిసేది కాదు. చెయ్యి దగ్గరో, కొంగు చివరో, గోరంత సందు మిగిలేది. కంట్లో పొర వల్ల చూసుకోలేదేమో పాపం అనుకుని, ఒకనాడు నేనే పెన్నుతో ఆ సందులన్నీ పూడ్చి ప్రతులు తీశాను. ఆయన వాటిని చూసి నన్ను కేకలేసింది ఆ ఒక్కసారే. "అది వాకిలి. మూసేసినావే. బిడ్డ యాడనుంచి లోపలికి పోతాది?" అని, బ్లేడు ముక్కతో నా గీతలను ఒక్కొక్కటీ గీకేశారు. ముసలాయన చాదస్తం అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

నా సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ నివాళి అసత్యమవుతుంది. నా భర్త జ్వరంతో పోయేనాటికి మా పాప లహరికి పదకొండు నెలలు. ఇంట్లో ఆయన ఫోటో పెద్దది చేయించి, దండ వేసి, బొట్టు పెట్టి, పైన ఎర్ర బల్బు వెలిగించాం. ఐదేళ్లు వచ్చినా లహరి ఆ గోడ దగ్గరికి వచ్చేది కాదు. ఒకరోజు అంగట్లో మాస్టారి ఎదుటే అనేసింది. "నేను ఇంట్లోకి పోను. దండ మామ నన్నే చూస్తాండాడు" అని. కన్నతండ్రిని నా బిడ్డ మామ అన్నది. అది విని నేను మిషను వైపు తిరిగి నిలబడ్డాను. కొట్టలేను, చెప్పలేను. తండ్రి ఈ బిడ్డకు ఎప్పటికీ గోడ మీది భయంగానే మిగిలిపోతాడని నా గుండె కోసుకుపోయింది.

మాస్టారు నన్ను ఓదార్చలేదు. "దండ లేని ఫోటో ఉండాదా?" అని మాత్రం అడిగారు. ఉంది. బనగానపల్లెలో బంధువుల మామిడితోటలో తీసిన రంగు ఫోటో, చాలా వరకు వెలిసిపోయింది. ఒక చంకన లహరి, ఒక చేతిలో మామిడిపండు, మా ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటారు. మాస్టారు దాన్ని మూడు రోజులు తన దగ్గర ఉంచుకున్నారు. తోట లేదు, చుట్టాలు లేరు. నాన్న, పాప, పండు మాత్రమే గీసి తెచ్చారు. పాపను ఎత్తుకున్న మోచేతి దగ్గర గీత ఆగింది.

లహరి బల్ల కింద బోర్లా పడుకుని రంగులు మొదలుపెట్టింది. పండు పసుపైంది. "ఈ పాప ఎవురు?" అంది. "నువ్వే" అన్నారు మాస్టారు. కొంతసేపటికి, "నన్ను ఎత్తుకున్న ఆయప్ప ఎవురు?" అంది. నేను నోరు తెరవబోతే మాస్టారు వద్దని చేయి అడ్డం పెట్టారు. లహరి పాప చేతికి గోధుమరంగు వేస్తూ వేస్తూ, ఆ సందు దాటి, అదే రంగుతో తండ్రి చేతిలోకి వెళ్లిపోయింది. రెండు చేతులూ ఒక్కటయ్యాయి. తల ఎత్తకుండానే, "అమ్మా, నాన్న చొక్కా ఏం రంగు?" అని అడిగింది. నేను ఏడ్చేశాను. మాస్టారు, "నీ ఇష్టం తల్లీ, మీ నాయనే కదా" అన్నారు. ఆ వారమంతా రోజుకొక ప్రతి అడిగింది, రోజుకొక చొక్కా తొడిగింది. ఆ తర్వాత ఒకరోజు కుర్చీ లాక్కుని, ఎక్కి, గోడ మీది ఫోటోకు ఉన్న దండను తానే తీసేసింది. నేను మళ్లీ వేయలేదు.

మాస్టారూ, బిడ్డకు తండ్రిని ఇచ్చిన చేతికి నా పాండిత్యంలో తగిన విశేషణం దొరకలేదు. మీ స్థానాన్ని భర్తీ చేయగలిగిన వారు ఈ ప్రాంతంలో ఎవరూ లేరు. నేనైతే అసలే కాదు, నిన్ననే తెలిసిపోయింది.

కూడికకు వచ్చే పిల్లలకు పంచడానికి మాస్టారి ఫోటోను బొమ్మగా మార్చాలని నిన్న నేనే బటరు పేపరు పరిచాను. పట్టుదలగా, ఎక్కడా గీత తెగకుండా, కళ్లజోడు నుంచి చెప్పుల వరకు పూర్తిచేసి, బాగానే కుదిరిందని మురిసిపోయాను. తొమ్మిదేళ్ల లహరి బడి నుంచి వచ్చి, సంచి భుజాన ఉండగానే దాన్ని ఎత్తి చూసింది. చుట్టూ వేలితో ఒకసారి తడిమింది.

"అమ్మా, సారుకు వాకిలి పెట్టలేదే" అంది.

నేను బ్లేడు ముక్క కోసం సొరుగు వెతికాను.