జతలో ఒకరి పేరు మారింది

మా ఎక్స్‌రే విభాగంలో అందరికన్నా సీనియర్ ఆవిడే. మేమంతా అక్కా అనే పిలుస్తాం. రోగిని బల్ల మీద పడుకోబెట్టి "ఊపిరి బిగపట్టండి, ఇక వదలండి" అని రోజుకు డెబ్బై సార్లు అనడం ఆవిడ పని. సముద్రం అడుగుకు వెళ్లినప్పుడు మాత్రం ఊపిరి అస్సలు బిగపట్టకూడదట. డైవింగ్‌లో మొదటి పాఠం అదేనని నవ్వుతూ చెప్పేది.

ఆవిడ డైవింగ్ నేర్చుకుంది నలభయ్యో ఏట, పిన్ని కూతురితో కలిసి. ఆ చెల్లెలు పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది, ఈవిడకన్నా తొమ్మిదేళ్లు చిన్న. నీళ్లలోకి ఒంటరిగా దిగకూడదు, జత ఉండాలి. ఒకరి సిలిండర్‌లో గాలి అయిపోతే రెండోవారు తమ గాలి పంచాలి. ఆరేళ్లుగా వీళ్లిద్దరూ ఒకరికొకరు జత.

మాకు ఒక విడతలో తొమ్మిది రోజులకు మించి సెలవు ఇవ్వరు. ఆ ఏడాది వాళ్లు చూడాలనుకున్నవి దుప్పటంత రెక్కలుండే టేకు చేపలు. అవి ఎక్కడో దూరపు దీవుల దగ్గరికి ఏటా మూడు వారాలే వస్తాయి. రెండు విమానాలు మారాలి, ఆపైన పడవ; అక్కడ ఉన్నన్నాళ్లూ తిండీ పడకా దాని మీదే. పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు. పైగా చివరిసారి నీళ్లలోంచి లేచాక ఒక పూర్తి రోజు విమానం ఎక్కకూడదు. ఎక్కితే ఒంట్లో కరిగిన గాలి, సోడా మూత తీసినట్టు, బుడగలు కడుతుందట. ఇక మిగిలేవి నాలుగే రోజులు.

ఆ నాలుగును ఐదు చెయ్యడానికి అక్క ఏడు నెలలు తంటాలు పడింది. భోజనాల గదిలో గోడ క్యాలెండరు దించి బల్ల మీద పరిచేది. శుక్రవారం డ్యూటీ దిగి నేరుగా విమానాశ్రయానికి పరిగెత్తితే, శనివారం మధ్యాహ్నం వారానికొక్కసారే ఎగిరే చిన్న విమానం అందుతుందని చివరికి పట్టుకుంది. ప్రయాణమంతా రోజువారీగా ఒక కాగితం మీద రాసి చెల్లెలికి ఇచ్చింది. "ఒక రోజు గెలిచాను" అంది, పసిపిల్లలా మెరిసిపోతూ. ఆ తేదీల కోసం నేను నా సెలవు వెనక్కి జరుపుకుని, ఇంట్లో నాలుగు చివాట్లు తిన్నాను.

మూడు వారాల ముందు చెల్లెలు ఫోన్ చేసింది. "పడవ ఇంజను పోయిందంటక్కా. ఈసారికి రద్దు చేశారు. విమానం టికెట్ల సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు బెంగపెట్టుకోకు." అక్క రెండు రోజులు దిగాలుగా తిరిగింది కానీ అనుమానపడలేదు. నీళ్లలో తన ప్రాణాన్ని నమ్మి అప్పగించిన మనిషి మాట అది.

వారం తర్వాత మేం అన్నం తింటుంటే ఆవిడ ఫోన్ మోగింది. చెయ్యి ఎంగిలి కావడంతో స్పీకర్ పెట్టింది. పడవ ఆఫీసు నుంచి ఒకావిడ.

"ఆరో నంబరు బెర్తుకు పేరు మారింది కదండీ. మీ బదులు వస్తున్న ఆయన బరువు రాయలేదు. నీళ్లలో మునగడానికి నడుముకు ఎన్ని సీసం దిమ్మలు కట్టాలో చూసుకోవాలి."

అక్క ముద్ద కింద పెట్టేసింది. "పడవ బాగానే ఉందా అండీ?"

"ఎందుకుండదమ్మా? మొన్నే రంగు కూడా వేయించాం."

"కనుక్కుని చెప్తాను" అంది అక్క. డబ్బా కడుక్కుని వెళ్లి, మిగిలిన పేషెంట్లందరికీ ఎక్స్‌రేలు తీసింది.

సాయంత్రం నేరుగా పళ్ల డాక్టరు క్లినిక్‌కు వెళ్లింది. అక్కడ జరిగింది తర్వాత నాకు తనే చెప్పింది. చెల్లెలు బుకాయించలేదు. కొత్తగా పరిచయమైన ఒకతన్ని తీసుకెళుతోందట.

"ముందే చెప్తే ఒప్పుకునేదానివా?"

"అడిగి చూడాల్సింది."

"నీతో వస్తే సెలవులా ఉండదక్కా, డ్యూటీలా ఉంటుంది. ఇప్పుడు లే, ఇప్పుడు పడుకో. ఒక్కసారి నా ఇష్టానికి పోదామనుకున్నా."

"నీ ఇష్టానికి పోవడానికి నా కాగితమే దొరికిందా?"

ఆ కాగితం కౌంటరు మీదే ఉంది. అక్క వేసిన ప్రయాణమే, అక్షరం పొల్లుపోకుండా. ఒక్క చివరి రోజు మాత్రం మార్చుకున్నారు. ఉదయం ఇంకోసారి నీళ్లలోకి, సాయంత్రం విమానం.

"ఆ రోజు దిగొద్దు" అంది అక్క.

"చూశావా, మళ్లీ మొదలెట్టావు. నేను పోతున్నానని ఏడుపు నీకు."

అక్క బయటికొచ్చి పడవ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆయన బరువు తనకు తెలియదని, ఐదూ ఆరూ బెర్తుల వాళ్లది చివరి రోజు సాయంత్రమే విమానమని, ఆ ఉదయం వాళ్లను దింపొద్దని చెప్పింది.

దింపలేదు. చెల్లెలు క్షేమంగా తిరిగొచ్చి, అక్క కడుపుమంటతో తన ఆఖరి రోజు పాడుచేసిందని చుట్టాలందరికీ చెప్పింది. పిన్ని కూడా "పెద్దదానివి, సర్దుకుపోవాల్సింది" అంది. ఆ మాటకే అక్క ఎక్కువ కుమిలిపోయింది.

మంజూరైన సెలవు రద్దు కాలేదు. ఆ తొమ్మిది రోజుల్లో మూడో రోజునే డ్యూటీకి వచ్చేస్తే మా ఇన్‌చార్జి వెనక్కి పంపేశాడు. మిగతా రోజులు ఏం చేసిందో నేను అడగలేదు.

ఇప్పుడు అక్క ఆదివారాలు బస్సెక్కి, నీళ్లు నిండిన పాత రాళ్ల క్వారీకి వెళుతుంది. అక్కడి క్లబ్బు వాళ్లు ఎవరిని జతగా ఇస్తే వాళ్లతో దిగుతుంది. చెల్లెలు ఇంటికొస్తే టీ ఇస్తుంది, ఆరోగ్యం అడుగుతుంది.

"మళ్లీ దూరం వెళ్లరా అక్కా?" అని మొన్న అడిగాను.

"దారి వెతకడం ఎంతసేపు? నీళ్లలో పక్కకు తిరిగితే ఎవరు కనపడాలో, అదే తేలట్లేదు" అంది. తర్వాతి పేషెంటును లోపలికి పిలిచింది.